ఏడు రేకులు

సఖినేటిపల్లి రేవులో మొదటి పంటి.
రెండు ట్రాక్టర్లు, ఒక పాల ఆటో, కొబ్బరికాయల లారీ,
వాటి సందులో మా రెండు సూట్‌కేసులు.
ఒకటి బయాలజీ జిలానీ మేష్టారిది, చక్రం రాత్రే విరిగింది.
ఒకటి నాది, పాలకొల్లులో బేరమాడి కొన్నది,
ఇంకా అట్టపెట్టె వాసన పోలేదు.

అవతల నరసాపురం దీపాలు
ఆరనా వద్దా అన్నట్టున్నాయి.
వశిష్ఠ ఈ వేళప్పుడు రంగు తేల్చుకోదు.

"ట్రైనింగాండీ మేడంగారూ?" అన్నాడు టికెట్ల కుర్రాడు.
హాలెండు, అన్నాను.
"అది రాజమండ్రి దాటాకా అండీ?"
"ఆఁ, కొంచెం దాటాక" అన్నారు మేష్టారు, చిల్లర లెక్కపెడుతూ.
సూట్‌కేసులకి కూడా టికెట్టు కొట్టాడు.

ఆర్నెల్లుగా ఆ బడికీ మా బడికీ ఉత్తరాలు.
అక్కడి టీచరు మార్లెస్ మొదటిదాంట్లోనే రాసింది:
మా బడి సముద్రానికి రెండు మీటర్లు కింద ఉంటుంది.
ఎనిమిదో తరగతి నమ్మలేదు.
బోర్డు మీద గట్టు గీశాను, గట్టుకి అటు సముద్రం,
ఇటు పల్లంలో బడి, బడి మీద జెండా.
వెనక బల్ల నుంచి రాపాక అభిషిక్తు లేచి
"మరి నీళ్ళు ఊరుకుంటున్నాయాండీ?" అన్నాడు.
ఇరవై ఆరేళ్ళ సర్వీసులో
ఇంత సూటిగా నన్ను ఏ డీఈవో అడగలేదు.

మా నీళ్ళు ఊరుకోవు.
లంకలో బడి. వరదొస్తే ముందు సెలవు,
తర్వాత ఆ బడే ఊరు.
మేడ మీద టెన్త్ ఏ సెక్షన్‌లో బాలింతలు, మెట్ల మీద మేకలు,
నా సోషల్ మ్యాపుల మీద ఆరేసిన పసిగుడ్డలు.
నీళ్ళు తీశాక కింద గోడ మీద ఒక గీత మిగులుతుంది.
సున్నం కొట్టిస్తే నాలుగు రోజులు దాక్కుని
మళ్ళీ బయటికొస్తుంది, అప్పులాడిలా.

ఆ గీతల్ని పిల్లలు లేసు దారంతో కొలిచారు.
నేల నుంచి పైకి, వరదకొక ముడి.
ఎనభై ఆరు నాటి ముడి నా మెడ దగ్గరికొచ్చింది.
నన్ను గోడకి నిలబెట్టి మరీ చూసుకున్నారు, నవ్వుకున్నారు.
ఇప్పుడా దారం ఉండ నా చేతిసంచిలో ఉంది.
మార్లెస్ క్లాసులో, వాళ్ళ గోడకి ఆనించి విప్పాలి.
పాస్‌పోర్టుకంటే దాన్నే ఎక్కువసార్లు తడుముకుంటున్నాను.

అందరూ ప్రశ్నలు రాసిచ్చారు,
కొల్లాబత్తుల కరుణశ్రీ తప్ప.
అది రాత్రి మా ఇంటికొచ్చి గుమ్మంలో కాలు కాలితో రాసుకుంటూ
"మా అమ్మ లేసు ఆ దేశాలకే వెళ్తదంటండీ,
ఎవరి బల్ల మీదుందో చూసొస్తారా?" అంది.
ఎలా గుర్తుపట్టనే?
"అందరూ పువ్వుకి ఎనిమిది రేకులేస్తారండీ,
మా అమ్మ ఏడే వేస్తది.
ఏజెంటు ఇప్పటిదాకా లెక్కెట్టలేదండీ."
చెప్పి, చెప్పకూడనిది చెప్పినట్టు పరిగెత్తింది.

నది మధ్యలో ఇంజను ఒకసారి దగ్గి ఆగింది.
ఎవరూ మాట్లాడలేదు, లారీ మీది కాయలు కూడా.
వీసాకి నా చేత ఎన్ని సంతకాలు పెట్టించారో,
పుట్టిన ఊరు, తండ్రి పేరు, తిరిగొస్తానన్న రుజువు.
సువార్తమ్మ లేసు ఎన్నిసార్లు దాటిందో ఈ రేవు,
డజన్ల లెక్కన, కట్టలుగా,
పేరు అడిగినవాళ్ళు లేరు.
నేను వెళ్ళేది దాని వెనకాలే.

ఇంజను మళ్ళీ అందుకుంది.

స్టేషను ఎదుట టీకొట్టు.
జిలానీ మేష్టారు విరిగిన చక్రానికి పురికొస చుడుతున్నారు.
కొట్లో టీవీ మీద దుమ్ము పట్టిన లేసు గుడ్డ.
గ్లాసు పట్టుకునే దగ్గరికెళ్ళాను.
వేలితో ఒక్కో రేకూ.

ఎనిమిది.

"ఏం వెతుకుతున్నారు మేడం?"
ఏం లేదు మేష్టారూ.
రైలుకింకా టైముంది.
పక్క కొట్లో కూడా టీవీ ఉంది.